నిన్నటి మీసం

ఆ ఇంటి హాల్లో అద్దం ఒక రోజు ఆలస్యం. ఇవాళ దాని ముందు నిలబడితే నిన్న ఎలా ఉన్నారో చూపిస్తుంది. దాన్ని ఎవరూ పట్టించుకోరు. బాబాయి తడుముకుంటూ గడ్డం గీసుకుంటాడు. "ఆ బొత్తాం సరిగ్గా పెట్టుకోండి, అద్దాన్ని నమ్మకండి!" అని పిన్ని వంటింట్లోంచే అరుస్తుంది.

ఆ ఉదయం బాబాయి అన్నకూతురు గాభరా (అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు లెండి) లాప్‌టాప్ ముందు జుట్టు పీక్కుంటోంది. మర్నాడు బాబాయి గొంతుకి ఆపరేషన్. ఆ తర్వాత ఇక మాట రాదు. అందుకే క్లినిక్‌వాళ్ళు ఆయన గొంతు రికార్డు చేసి పెట్టారు. ఆయన టైపు చేస్తే యంత్రం ఆ గొంతుతోనే పలుకుతుందట. ఆ రికార్డులున్న లినక్స్ సర్వర్ ఎక్కడో వేరే ఊళ్ళో ఉంది. దాన్ని ఇక్కణ్ణుంచే చూసుకునే ఉద్యోగం గాభరాది. ఇన్నాళ్ళూ దానికి బ్యాకప్పే లేదు! 

"కాపీ తీసే ప్రోగ్రాం ఏది మంచిదంటే ఒకరు ఆర్‌సింక్ అంటారు, ఒకరు బోర్గ్ అంటారు, ఇంకొకరు రెస్టిక్ అంటారు. ఏం పాలుపోవట్లేదు బాబాయ్!"

"ఇవేం పేర్లే తల్లీ, గొంతునొప్పి మాత్రల్లా ఉన్నాయి?"

ఆఫీసులో సీనియర్‌కి ఫోన్ చేసింది. "దీనికింత ఆలోచనేంటి? ఆర్‌సింక్ పెట్టేయ్. సర్వర్లో చెరిపింది కాపీలోనూ చెరిగిపోయేలా పెట్టు. రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి, చోటూ కలిసొస్తుంది" అన్నాడాయన. సబబుగానే తోచింది. మరి మనసెందుకు పీకుతోందో అర్థం కాలేదు. ఆయన చెప్పిన కమాండు టైపు చేసింది, చెరిపేసింది, మళ్ళీ టైపు చేసింది.

అంతలో బయటికెళ్ళిన బాబాయి తిరిగొచ్చాడు. ఆపరేషన్ కోసం మీసం తీయించేశాడు. పెళ్ళినాటి నుంచీ ఉన్న మీసం! పిన్ని అయ్యయ్యో అనుకుంటూ ఆయన్ని లాక్కెళ్ళి అద్దం ముందు నిలబెట్టింది. అద్దంలో మీసం నిక్షేపంగా ఉంది.

"హమ్మయ్య! ఇవాళ్టికి ఇక్కడ చూసుకుంటా" అంది.

గాభరా అద్దాన్నీ చూసింది, బాబాయినీ చూసింది. రెండూ అచ్చు ఒకేలా ఉంటే ఆ మీసం ఇంకెక్కడుండేది? బుర్రలో ఏం తిరిగిందో తనకే సరిగ్గా తెలీదు. సీనియర్ మాట పక్కన పెట్టి, ఏ రోజు కాపీని ఆ రోజుకే విడిగా దాచేలా బోర్గ్ పెట్టింది. అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి, బాబాయి గొంతు చెవులారా వినేదాకా కుర్చీలోంచి లేవలేదు.

మర్నాడు ఆపరేషన్ జరుగుతుండగా క్లినిక్ గుమస్తా ఫోన్ చేశాడు. సర్వర్లోంచి పనికిరాని రికార్డులు తీసేస్తూ బాబాయివి కూడా తుడిచేశాడట. "ఇప్పుడెలాగమ్మా?" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువ.  గాభరా గబగబా నిన్నటి కాపీ తెరిచింది. అన్నీ ఉన్నాయి.

కొన్నాళ్ళకి ఆసుపత్రి మంచం మీద బాబాయి లేచి కూర్చుని, యంత్రం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశాడు.

"ఏమోయ్, తిన్నావా?" అంది యంత్రం, అచ్చం ఆయన గొంతుతో.

అన్నాళ్ళూ బిగబట్టుకున్న పిన్ని భోరుమంది.

"తినలేదు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకోసారి అడగండి."