దవడ చెప్పిన చాడీలు

నా ఇరవై రెండేళ్ల బేస్‌బాల్ జీవితాన్ని నాశనం చేసిన శత్రువెవరో ఆఖరి మ్యాచ్ రోజున, మధ్యాహ్నం పన్నెండు గంటలకు నాకు తెలిసింది. అతను నా నోట్లోనే ఉన్నాడు.

అంతకు ముందు నేను చాలామందిని అనుమానించాను. మోచేతిని అనుమానించాను. నేను విసిరే బంతులు పట్టే ఐదుగురు క్యాచర్లను, పరాయి దేశపు చలిని, బంతికి వేసే కుట్లను కూడా వదల్లేదు. పెద్ద లీగులో నేను ఉన్నది సరిగ్గా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లో నా బంతుల్ని నాలుగుసార్లు స్టేడియం బయటికి కొట్టారు. నాలుగోది ఇంకా కిందికి దిగలేదని మా ఊరు బరాఓనాలో ఇప్పటికీ అంటారు. అమ్మ పెట్టిన పేరు ఉబాల్దో. ఊరు పెట్టిన పేరు తొమ్మిదిరోజులు. చర్చి ఫాదర్ కూడా ఒకసారి ప్రార్థన మధ్యలో అలాగే పిలిచి నాలుక కరుచుకున్నాడు.

తర్వాత చిన్న లీగుల్లో పదకొండేళ్లు బస్సుల్లో తిరిగి ఇంటికొచ్చాను. మొదట్నుంచీ ఏటా చలికాలం లీగులో మాత్రం మా ఊరి జట్టుకే ఆడుతున్నాను. ఆడుతున్నాను అంటే, జట్టు ఎలాగూ ఓడిపోయేటప్పుడు నన్ను దించుతారు. మా మైదానంలో, మా ఊరివాళ్ల ముందు, నా చేతుల మీదుగా ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

ఆ ఆదివారం ఉదయం మేనేజర్ ఫ్రెయిలన్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇవాళ మనం ముందంజలో ఉంటే ఆఖరి ఇన్నింగ్స్‌లో బంతి నీదే" అన్నాడు.

"నా మీద అంత నమ్మకమా?"

"నమ్మకం కాదు. ఇద్దరికి భుజాలు పట్టేశాయి, ఒకడు పెళ్లి చేసుకుంటున్నాడు. చూడు ఉబాల్దో, గెలిపించావనుకో, ఇక చాలని రేడియోలో నువ్వే చెప్పుకో. ఓడావనుకో, రేపు పొద్దున నిన్ను తీసేశామని నేను చెబుతా. నలభై ఒకటి వచ్చింది కదా, ఇంకెన్నాళ్లు లాగిస్తాం?"

వీడ్కోలు ప్రసంగం నా దగ్గర ఎప్పుడో సిద్ధంగా ఉంది. ఆరేళ్లుగా అద్దం ముందు సాధన చేస్తున్నాను. నా భార్య ఒనేలియా దాన్ని వింటూనే బట్టలు మడతపెడుతుంది. చెప్పే అవకాశం వస్తుందా రాదా అన్నదే సమస్య.

మధ్యాహ్నం స్టేడియంలోకి వెళ్తూ ఒనేలియా మేనత్త ఎర్సిలియా దగ్గర ఆగాను. బ్యాటర్ నిలబడే చోటికి సరిగ్గా వెనక, కంచె అవతల, ఆవిడ ముప్ఫై ఏళ్లుగా యానికేకెలు వేయిస్తోంది. పల్చటి పెద్ద అప్పాల్లాంటివి. ఒకటి నా చేతిలో పెట్టింది.

"తిను. తిన్నాక ఆ చూయింగ్ గమ్ వేసుకో. అది లేకపోతే మాకు ఆట అర్థం కాదు" అంది.

"అదేమిటత్తా?"

"నీ దవడ ఆగిందంటే వంకర బంతి, ఆడిందంటే సూటి బంతి. దాన్ని బట్టే కదా మేం చూసేది."

యానికేకె నా గొంతులో అడ్డంపడింది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు మొదలెట్టినప్పట్నుంచీ. ఈ వరసలో కూర్చునే వాళ్లందరికీ తెలుసు. వేయించుకుంటూ నేనే చెబుతుంటా, ఇదిగో వంకరది వస్తోంది అని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"కావాలనే చేస్తున్నావనుకున్నానురా. పాపం మంచివాడు, ఎదుటివాడికి ముందే చెప్పి వేస్తున్నాడు అనుకున్నా."

"విర్హిలియోకి తెలుసా?"

విర్హిలియో అవతలి జట్టులో అందరికంటే గట్టిగా కొట్టే బ్యాటర్. పదిహేనేళ్లుగా నన్ను ఉతికి ఆరేస్తున్నాడు.

"వాడి బాప్తిస్మానికి జ్ఞానతల్లిని నేనేగా. వాడి పెళ్లినాడే చెప్పా" అంది అత్త.

పంతొమ్మిదేళ్ల వయసులో నాకు శిక్షణ ఇచ్చిన ముసలాయన చెప్పిన మాట గుర్తొచ్చింది. పెద్ద లీగువాళ్లంతా నములుతారు, నువ్వూ నమిలితే నిన్నూ వాళ్లలో ఒకడనుకుంటారు అన్నాడు. నమిలాను. వంకర బంతి కష్టం కాబట్టి, వేసేటప్పుడు మనసంతా వేళ్ల మీద పెట్టి దవడను మరిచిపోయాను. ఇరవై రెండేళ్లు నా బంతుల్ని నేనే చాటింపు వేసుకున్నాను.

గమ్ ఉమ్మేశాను. వెనక నెట్‌లో వేసి చూస్తే ఖాళీ నోరే నములుతోంది. వంకర బంతికి ఠక్కున ఆగుతోంది. సరే, నములుతూనే వంకరది వేద్దామనుకున్నాను. బంతి వెళ్లి క్యాచర్ మోకాలి చిప్పకు తగిలింది, నేను బుగ్గ కొరుక్కున్నాను.

"అన్నా, నా మీద కోపమేమైనా ఉందా?" అన్నాడు క్యాచర్ కుంటుతూ.

ఇక మిగిలింది ఒకటే దారి. దవడను ఆపి సూటి బంతి వెయ్యాలి. అంటే నా దవడకు అబద్ధం నేర్పాలి. మ్యాచ్ మొదలవడానికి గంట టైముంది. మళ్లీ గమ్ వేసుకుని మొదలుపెట్టాను.

నా ఖర్మకొద్దీ మా జట్టు ఆఖరి ఇన్నింగ్స్‌కి ఒక్క పరుగు ముందుంది. ఎండ ఇంకా మండుతోంది. నేను మైదానంలోకి నడుస్తుంటే కొందరు లేచి ఇంటిదారి పట్టారు. వాళ్లను నేను తప్పుపట్టను.

మొదటి బ్యాటర్‌కి దవడ ఆపి సూటిది వేశాను. నెమ్మదైన వంకర బంతికోసం చూస్తున్న వాడు ఆలస్యంగా కొట్టాడు. బంతి నేలమీద దొర్లింది, మావాళ్లు వాడికంటే ముందే దాన్ని బేస్‌కి విసిరారు, అవుట్. స్టాండ్స్‌లో గుసగుసలు మొదలయ్యాయి.

రెండోవాడి దగ్గర కంగారులో పాత అలవాటు ప్రకారం నిజం చెప్పేశాను. దవడ ఆగింది, వంకరదే వెళ్లింది. వాడు హాయిగా కొట్టి రెండో బేస్‌కి చేరుకున్నాడు. నిజాయితీ నన్నెప్పుడూ ఇలాగే ఆదుకుంటుంది. మూడోవాడికి మళ్లీ అబద్ధం చెప్పాను. గాల్లోకి లేపాడు, మావాడు పట్టాడు.

నాలుగోవాడు విర్హిలియో. స్టేడియం బయటికి కొడితే వాళ్లు ముందుకెళ్లిపోతారు. మూడుసార్లు తప్పితే మూడో అవుట్, మేం గెలుస్తాం.

"ఏం బావా, ఇంకా నడవగలుగుతున్నావా?" అన్నాడు బ్యాట్ ఊపుతూ. "త్వరగా కానీ, మా ఇంట్లో చేప కూర చల్లారిపోతోంది."

దవడ ఆపాను. సూటి బంతి. విర్హిలియో బ్యాట్ తిప్పేలోపు అది క్యాచర్ చేతిలో ఉంది. మళ్లీ దవడ ఆపాను. మళ్లీ సూటిదే. మళ్లీ తప్పాడు.

అతను బ్యాట్ దించి నన్ను వింతగా చూశాడు. "బావా, ఈ వయసులో అబద్ధాలాడటం నేర్చుకున్నావా?"

దాంతో ఆ అబద్ధం అయిపోయింది. మూడోసారి ఆపితే మోసపోడు. వాడికింక మిగిలిన ఒకే నమ్మకం, నేను నములుతూ వంకరది వెయ్యలేను అన్నది. అది నాకూ ఉన్న నమ్మకమే. మోకాలు రుద్దుకుంటున్న మా క్యాచర్ వైపు చూసి వంకర బంతికి తల ఊపాను. అతను శిలువ గుర్తు వేసుకున్నాడు.

నమలసాగాను. కంచె అవతలి నుంచి అత్త గొంతు ఖణేల్మంటూ వినిపించింది. చుట్టూ ఉన్నవాళ్లకు చెబుతోంది.

"దవడ ఆడుతోంది చూడండి. ఇది సూటిదే. నమిలితే వాడు అబద్ధమాడలేడు, నాకు తెలుసు."

విర్హిలియో చెవి అటే ఉంది. జ్ఞానతల్లి మాట కదా. కాళ్లు సర్దుకుని వేగమైన సూటి బంతికి సిద్ధమయ్యాడు.

చెయ్యి ఎత్తాను. నమిలాను. వేళ్లు తిప్పాను. నమిలాను. బంతి చేతినుంచి జారిన క్షణంలో నా పళ్ల మధ్య గమ్‌కి బదులు నా నాలుక ఉంది.

కళ్లలో నీళ్లు కమ్మేశాయి. బంతి ఎలా వెళ్లిందో నేను చూడలేదు. చూసినవాళ్లు చెప్పిందేమిటంటే, అది సరుకుల సంచి మోసుకెళ్లే ముసలావిడలా నింపాదిగా వెళ్లి చివర్లో కిందికి కుంగింది. అప్పటికే విర్హిలియో బ్యాట్ ఒక చుట్టు తిరిగేసి, అతన్ని కూడా తిప్పి నేలమీద కూర్చోబెట్టింది.

గెలిచాం. జట్టంతా నా మీద పడింది. లేచేసరికి రేడియో అతను మైకు పట్టుకుని నా ముందున్నాడు. ఊరంతా వింటోంది. ఆరేళ్ల సాధన నాలుక చివర ఉంది. ఆ చివరే రెండు ముక్కలయ్యేలా ఉంది.

"చెప్పండి తొమ్మిదిరోజులుగారూ, ఈ గెలుపు తర్వాత మీ నిర్ణయం?"

"ఊఁ ఊఁ" అన్నాను. గడ్డం మీదికి రక్తం కారింది.

ఒనేలియా కంచె దాటి వచ్చింది. నా నోరు చూసింది, నిట్టూర్చింది, మైకు అందుకుంది. "నా ప్రియమైన బరాఓనా ప్రజలారా" అని మొదలుపెట్టి ప్రసంగమంతా ఒక్క మాట తడబడకుండా అప్పజెప్పింది. నాకంటే బాగా చెప్పింది. నేను ఏడవాలని గుర్తుపెట్టుకున్న చోట ఆమె నిజంగానే ఏడ్చింది. పెద్ద లీగు గురించి నేను రాసుకున్న పెద్ద భాగాన్ని మాత్రం పూర్తిగా ఎత్తేసింది.

అత్త ఐసుముక్క తెచ్చి నా నోట్లో కుక్కింది. ముఖం మాడ్చుకునే ఉంది.

"ముప్ఫై ఏళ్లలో ఈ వరసలో నా మాట తప్పలేదు" అంది. "ఇవాళ అందరి ముందూ నా పరువు తీశావు. ఇంక నీకు యానికేకె లేదు, ఫో."

వారం రోజులు నేను పాలు, గంజి తాగి బతికాను. నాలుక మానాక మంగలి దుకాణానికి వెళ్తే అందరూ లేచి చేతులు కలిపారు. ఎన్నో మాటలు చెప్పాలనుకున్నాను.

"ఒనేలియా ఎలా ఉంది?" అని అడిగారు. "రిటైరయ్యాక ఇంట్లో తోస్తోందా?"