మోతీ నోట్ల గులాబి నురుగు

మా శాలిబండ గల్లీల దుర్గయ్య బస్సు డిపోల మెకానిక్. ఆయనకు మోతీ అని ఒక కుక్క. దాని నోటి వాసన సంగతి చెప్తే నన్ను అబద్ధాలకోరంటరు గానీ, అది ఆవులిస్తె గోడమీది బల్లులు సోయి తప్పి కిందవడేవి. నా కండ్లతోటి చూసిన.

"అదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అన్నది ఆయన పెండ్లాం రాజమణి.

దుర్గయ్య దాన్ని పశువుల దవాఖానకు తోల్కపోయిండు. డాక్టరు పెదవి లేపి చూస్తే పండ్ల మొదట్ల పచ్చటి గార, చిగుర్లు వాచి ఎర్రగున్నయి.

"దీనికి జిలేబీలు పెట్టుడు బంద్ చెయ్యి. రోజూ పండ్లు తోము. ఎట్ల తోమాలంటే..." అంటుండంగనే దుర్గయ్య లేచిండు. తోముడు తనకు రాదా ఏంది!

తెల్లారినుంచి ఇద్దరూ గల్లీ నల్లా కాడ హాజరు. డబ్బీలున్న గులాబిరంగు పండ్లపొడి తోటి ముందు తన పండ్లు, తర్వాత మోతీ పండ్లు.

"దుర్గయ్యా, దానికి నాలుక బద్ద గూడ కొనిస్తవా?" అన్న నేను.

"నీకంటె అదే నయం బాపు. నోరు మూయుమంటె మూస్తది."

ఒకనాడు ఇద్దరి నోళ్లనిండ నురుగున్నప్పుడే నల్లా బందయింది. దుర్గయ్య నీళ్లకోసం ఇంట్లకు ఉరికిండు. మోతీ సడక్ మీదికి ఉరికింది, గులాబి నురుగు కార్చుకుంట.

"పిచ్చికుక్క! ఎవర్నో కరిచింది, నెత్తురు చూడుండ్రి!" ఒకటే లొల్లి. పండ్లపొడి అని నేనెంత మొత్తుకున్నా ఎవరు వింటరు? నా మాట నమ్మేటోళ్లు ఆ గల్లీల ఎన్నడో అయిపోయిండ్రు. కుక్కలను పట్టే మున్సిపాలిటీ బండి మూలమీదనే ఉండె. అదెక్కిన పిచ్చికుక్క మళ్ల ఇంటికి రాదు. బండాయన ఉచ్చు మోతీ మెడకు బిగించిండు.

లొల్లి విని దుర్గయ్య నురుగు నోటితోనే ఉరికొచ్చిండు. ఏదో చెప్పవోతే బుడబుడమని నురుగే వచ్చింది.

"అరె భాయ్, కరిచింది ఈయన్నే!" అని జనం వెనకకు దుంకిండ్రు.

దుర్గయ్య మోతీ ముందట కూలవడి, అంగీజేబులకెళ్లి డబ్బీ తీసిండు. వేలు చూడంగనే మోతీ రోజటి లెక్కనే నోరు తెరిచింది. ఆయన తోమిండు. గులాబి నురుగు మళ్ల పొంగింది. బండాయన ఇద్దరి మూతులూ మార్చి మార్చి చూసి ఉచ్చు వదులు చేసిండు.

"పండ్లు తోమని కుక్కలే నాకు మస్తున్నయి, పోండ్రి."

దుర్గయ్య మళ్ల దవాఖానకు పోయి, ఈసారి డాక్టరు చెప్పింది ఆఖరుదాక విన్నడు. కుక్కకు ఉమ్మేసుడు రాదు, మన పొడి దాని కడుపులకు పోగూడదు, వేలికి తడిగుడ్డ చుట్టి మెల్లగ తోమాలె. ఆ గుడ్డకు తన పాత చీర కొంగు చింపిచ్చింది ఎవరనుకున్నరు? రాజమణే.

"నాకో పేలిక ఇయ్యరాదు బిడ్డా" అన్న నేను.

"నీకు తోమనీకి పండ్లేడున్నయి బాపు?" అన్నది.