వీరకేతుడి కత్తి ఎట్లా విరిగింది

అబిడ్స్‌లో రశ్మి వాళ్లది కళ్లద్దాల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మీద ఒక గది. వారమంతా నాన్న వామన్‌రావు పక్కన కూర్చుని ఫ్రేములకు అద్దాలు బిగించే రశ్మి, ఆదివారం మధ్యాహ్నం మాత్రం మీది గదిలో కథ చెప్పేది. వినడానికి ముగ్గురు వచ్చేవాళ్లు. సిద్ధార్థ్, సుశాంత్, రవిచంద్ర. ఉత్తగా వినడం కాదు, అదొక ఆట. ముగ్గురికీ కథలో తలా ఒక పాత్ర. "మీ ముందు గుహ ఉంది, లోపల ఎవరో మూలుగుతున్నారు" అని రశ్మి అంటే, తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్లు చెప్పాలి. అది ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేల్చాలి. రాక్షసుల తరఫున పాచిక వేసేది రశ్మి. అద్దాల బీరువాకు వీపు పెట్టి కూర్చుని, ముందు ఒక అట్ట నిలబెట్టుకుని, దాని చాటున వేసేది. పడిన అంకె ఆమె చెబితేనే తెలిసేది. ఆరేళ్లు అట్లాగే ఆడారు.

రవిచంద్ర పాత్ర పేరు వీరకేతుడు. అతని దగ్గర నీలిమెరుపు అనే మంత్రపు కత్తి ఉండేది. చీకట్లో నీలంగా వెలిగేది. దాన్ని సంపాదించడానికి రెండేళ్ల ఆట పట్టింది.

చివరి ఆదివారం రవిచంద్ర గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. అట్లా రావడం వరసగా నాలుగో వారం.

"జర జల్దీ కానియ్యి రశ్మీ, ఐదింటికి పోవాలె," అన్నాడు ఫోన్ చూసుకుంటూ.

రశ్మికి ఒళ్లు మండింది. వారం రోజులు కూర్చుని అల్లుకున్న కథ అది. కాసేపటికి గుహలోని రాక్షసి వీరకేతుడి మీదికి గొడ్డలి విసిరింది. పద్దెనిమిది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే కత్తి విరుగుతుంది. రశ్మి పాచిక వేసింది. పదకొండు పడింది.

"పంతొమ్మిది," అంది. "నీలిమెరుపు రెండు ముక్కలైంది."

"అరె!" అన్నాడు సుశాంత్. రవిచంద్ర మాత్రం కొంచెంసేపు ఆమె వైపు చూసి, "బాగు చేయించుకోవచ్చా?" అని అడిగాడు.

"అచ్చే వారం చూద్దాం."

గురువారం అఫ్జల్‌గంజ్ దగ్గర రవిచంద్ర బండి జారింది. దవాఖానకు చేరేలోపే పోయాడు. ముప్పై రెండేళ్లు.

ఆట ఆగిపోయింది. రశ్మి మీది గదికి తాళం వేసింది. కానీ ఆదివారం మూడు దాటితే చాలు, పైనుంచి చప్పుడు వినబడేది. చెక్కబల్ల మీద పాచిక దొర్లి, దొర్లి, ఆగిన చప్పుడు. మొదటిసారి ఎలుక అనుకుంది. రెండోసారి తాళం తీసి చూసింది. ఎవరూ లేరు. పాచికలు డబ్బాలోనే ఉన్నాయి, డబ్బా మీద దుమ్ము కూడా చెదరలేదు. మూడోసారి మెట్ల దాకా వెళ్లి ఎక్కలేకపోయింది. పని చేసుకుంటుంటే చెవి పక్కనే అడిగినట్టుండేది: బాగు చేయించుకోవచ్చా?

"ఏమైంది బిడ్డా, గట్లున్నవు?" అని వామన్‌రావు అడిగితే, "ఏం లేదు నాన్నా" అనేది. పదకొండు సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాలుగు నెలల తర్వాత ఒకరోజు రవిచంద్ర తల్లి సుబ్బరత్నం హిమాయత్‌నగర్ నుంచి దుకాణానికి వచ్చింది. చేతిలో ఒక నోటుపుస్తకం.

"వాడి సొరుగులో దొరికిందమ్మా. మీ ఆటదే అనుకుంటా. కత్తి బాగు చేయించాలని ఏదో రాసుకున్నాడు. ఏ పనైనా సగంలో ఆగిపోతే వాడికి తోచేది కాదు. ఇదొక్కటీ ఆడి పూర్తి చేస్తారా?"

రశ్మి చెయ్యి చాచింది. సుబ్బరత్నం పుస్తకం ఇవ్వలేదు.

"నేనే చదువుతాను. వాడి కోడికెలుకుడు రాత నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు."

ఆ ఆదివారం రశ్మి గది తెరిచి, సిద్ధార్థ్‌నీ సుశాంత్‌నీ పిలిపించింది. కొడుకు కూర్చునే కుర్చీలో సుబ్బరత్నం కూర్చుంది.

ఆ కథాలోకంలో మంత్రపు కత్తి విరిగితే మామూలు కొలిమిలో అతకదు. కొండల్లో ఉండే ముసలి కమ్మరి దగ్గరికి పోవాలి. ఎవరు చేశారు, దేనితో చేశారు, ఎట్లా విరిగింది అని ఆయన మూడు ప్రశ్నలు అడుగుతాడు. మూడింటికీ నిజం చెబితేనే కొలిమి రాజుకుంటుంది. ఈ నియమం ఆరేళ్ల కింద రశ్మి పెట్టిందే. ఇప్పుడు కమ్మరిగా మాట్లాడాల్సిందీ ఆమే.

"నేనేం చెయ్యాలి బాబూ?" అని సుబ్బరత్నం సిద్ధార్థ్‌ని అడిగింది.

"మీరే వీరకేతుడు ఆంటీ. ఏం చేయాలనిపిస్తే అది చెప్పున్రి."

"అయితే ముందు ఆయనకి నమస్కారం పెడతాను. పెద్దాయన కదా."

సుశాంత్ నవ్వాడు. నాలుగు నెలల తర్వాత ఆ గదిలో వినబడిన నవ్వు అది.

"ఈ కత్తి ఎవరు చేసిన్రు?" రశ్మి గొంతు బొంగురు చేసి అడిగింది.

సుబ్బరత్నం పుస్తకం చూసింది. "సముద్రం అడుగున ఉండే అక్కచెల్లెళ్లు."

"దేనితోని చేసిన్రు?"

"పిడుగు పడ్డ ఇనుముతో."

ఇక మూడో ప్రశ్న మిగిలింది. అడగకుండా దాటేయవచ్చు. కానీ ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఎట్లా ఇరిగింది?"

సుబ్బరత్నం పేజీ తిప్పి, వేలు పెట్టి మెల్లగా చదివింది. "'విరగలేదు. పడింది పదకొండు. రశ్మి వెనక అద్దాల బీరువాలో కనబడింది. పదకొండు అద్దంలో కూడా పదకొండే కదా. రశ్మి పంతొమ్మిది అంది. నా మీద బాగా కోపంగా ఉంది. నాన్న సంగతి చెప్పలేదు, అచ్చే వారం చెప్పాలి.'" తలెత్తింది. "పదకొండేమిటమ్మా?"

రశ్మి అట్టను తీసి కింద పెట్టింది.

"అబద్ధం చెప్పిన ఆంటీ. లేటుగ వస్తున్నడని కోపమొచ్చి కావాలనే కత్తి ఇరగ్గొట్టిన. రవికి తెల్సని నాకు తెల్వదు."

"రెండేండ్లు కష్టపడ్డడు దానికోసం," అన్నాడు సిద్ధార్థ్. ఆమె వైపు చూడలేదు.

సుబ్బరత్నం పుస్తకం మూసింది. "ఈ ఏడు వాళ్ల నాన్నకి మతిమరుపు బాగా ముదిరింది. ఆదివారం ఆయా రాదు. స్నానం, అన్నం అన్నీ వాడే చూసేవాడు. ఇవాళ పక్కింటివాళ్లకి అప్పగించి వచ్చాను." రశ్మి వైపు తిరిగింది. "వాడితో చెప్పాల్సిన మాట నాతో చెబుతున్నావమ్మా. నేనేం చేసుకోను దాన్ని?"

సుబ్బరత్నం కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకుంది.

"సరే, నిజమే చెప్పాం కదా. కమ్మరి ఏమంటాడు?"

"కొలిమి రాజుకుంది," అంది రశ్మి. "కత్తి అతుకుతడు. వెలుగు మల్ల వస్తదో లేదో పాచిక చెప్పాలె. పదిహేను దాటాలె."

సుబ్బరత్నం పాచిక అందుకుని బల్ల మధ్యలో వేసింది. అది దొర్లి, దొర్లి, ఆగింది. నాలుగు నెలలుగా రశ్మి వింటున్న చప్పుడే. అందరూ వంగి చూశారు. ఏడు.

ఇంకోసారి వేయమనే మాట రశ్మి నోటి దాకా వచ్చింది.

"ఏడు," అంది. "కత్తి అతుకుతది ఆంటీ. కానీ వెలగదు."

"మళ్లీ విరుగుతుందా?"

"ఇరగదు."

"చాలు," అంది సుబ్బరత్నం.

సిద్ధార్థ్ చెప్పకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు. సుశాంత్ కుర్చీలు సర్ది అతని వెనకే వెళ్లాడు. రశ్మి సుబ్బరత్నాన్ని మెట్రో స్టేషన్ దాకా దిగబెట్టింది. స్టేషన్ మెట్ల దగ్గర రశ్మి, "ఆదివారం నేను రావాల్నా ఆంటీ? అంకుల్ కాడికి?" అని అడిగింది.

సుబ్బరత్నం ఒక మెట్టు ఎక్కి వెనక్కి తిరిగింది. "పదకొండింటికి రా. ఆయనకి వేడన్నం పడదు, చల్లార్చి పెట్టాలి."

మరుసటి ఆదివారం రశ్మి వెళ్లింది. పెద్దాయన బుచ్చిబాబు కిటికీ పక్కన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. రశ్మి పప్పన్నం కలిపి చెంచాతో అందించింది. ఆయన బుద్ధిగా తిన్నాడు.

"రవి ఎందాకా వచ్చాడమ్మా?" అన్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. రశ్మి చెంచా మళ్లీ నింపింది. ఆయన ప్రతి ముద్దకూ ఒకసారి వీధి తలుపు వైపు చూస్తున్నాడు. కొంతసేపటికి రశ్మి కూడా చూడసాగింది.