చూడడమైనది

కుర్చీల కాళ్లు తుడవడం అయిపోయి, యోసేపు ఇప్పుడు వీపులు తుడుస్తున్నాడు. ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు వరండాలో ముప్పై ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. అందులో ఒకదాని వెనక కాలు చిట్లింది. దాన్ని అతను ఎప్పుడూ చివరి మూలన, గోడకు ఆనించి వేస్తాడు. వెనక్కి వాలి కూర్చునే పెద్దమనుషులు ఆ మూలకు రారు. వచ్చేవాళ్లు భయంభయంగా కుర్చీ అంచున కూర్చునే మనుషులు. అంచున కూర్చుంటే చిట్లిన కాలు కూడా మోస్తుంది. ఇరవై రెండేళ్లలో ఆ ఆఫీసులో అతను నేర్చుకున్నవాటిలో ఇదొకటి.

మనిషి బక్కపలచన. అరవై దాటినా మెడ నిటారుగానే ఉంటుంది. బూడిదరంగు చొక్కా జేబులో తాళంచెవుల గుత్తి, గోలీల చీటీ. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు నీలంగా ఉంటాయి. ఎంత సబ్బు పెట్టినా ఆ నీలం వదలదు.

అది ముద్ర వల్ల వచ్చిన రంగు. తలుపు పక్కన యోసేపు పీట, పీట ముందు చిన్న టేబులు, టేబులు మీద సిరాపెట్టె, కర్రపిడి రబ్బరు ముద్ర ఉంటాయి. ముద్ర మీద ‘చూడడమైనది’ అని ఉంటుంది. మొదటి ఎమ్మెల్యే సారు హయాంలో చేయించిందది. తర్వాత ఇద్దరు సార్లు మారారు, గోడల రంగు మారింది, ముద్ర మారలేదు. వచ్చిన ప్రతి దరఖాస్తు మీద, వాళ్ల దగ్గరుంచుకునే రెండో కాపీ మీద, యోసేపు తలుపు దగ్గరే ఆ ముద్ర వేస్తాడు. సారు చూసేది ఆ తర్వాత. చాలాసార్లు ఆ తర్వాత కూడా చూడడు. కాగితాలు ఎర్రగుడ్డలో మూటై వెనకగదిలోకి పోతాయి. అయినా ముద్ర పడగానే వచ్చినవాళ్ల మొహం తేటపడుతుంది. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగునో జేబునో దాచుకుని వెళ్తారు.

భార్య ఉన్నప్పుడు ఆ వేళ్లను చూసి నవ్వేది. ఆదివారం చర్చిలో రొట్టెముక్క అందుకోవడానికి అతను చెయ్యి చాపితే, పక్కనుంచి మెల్లగా అనేది. "రేపు పైకి పోయినంక దేవుడు కూడ నీ ముద్ర చూసే లోపలికి రానిస్తడేమో." ఆమె పోయి ఆరేళ్లు.

తొమ్మిదింటికి ఫోను మోగింది. కూతురు వనజ. జనగామ దవాఖానలో నర్సు.

"నాయినా, ఆయాసం ఎట్లుంది?"

"బాగనే ఉన్న బిడ్డా."

"గోలీ ఏసుకున్నవా?"

"ఆ... ఏసుకున్న," అని చెప్పి, ఫోను పెట్టేశాక వేసుకున్నాడు.

అప్పుడే గేటులోంచి పదిమంది లోపలికి వచ్చారు. ముందు నడుస్తున్న ఆడమనిషి నెత్తిమీద పెయింటు బకెట్ ఉంది. దాని మీద తడి గోనెపట్టా. బురదనీళ్లు చారికలుగా ఆమె చెంప మీద జారి ఎండిపోయాయి. పేరు భూదేవి. ఆమె వెనక టీక్యా, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఇద్దరిదీ అడవి అంచున ఉన్న ఇప్పలగడ్డ. పోయిన నెల కూడా వచ్చారు. యోసేపుకు మనుషులు గుర్తుంటారు.

"ఏందమ్మా, బురద ఎత్తుకొచ్చినవ్?"

"బురద కాదన్నా. సారుకు చూపిద్దామని తెచ్చినం."

"ఏం చూపిస్తవ్?"

భూదేవి బకెట్ దింపి నడుం పట్టుకుంది. "పోయిన నెల మా వాగు సంగతి చెప్తే సారు ఏమన్నడు? ‘చూస్తం’ అన్నడు. అంత పెద్ద మనిషి మా అడివిలకు యాడొస్తడు? అందుకే మేమే తెచ్చినం."

యోసేపు నవ్వలేదు. ‘చూస్తం’ అంటే ఇక వెళ్లిరండని అర్థం. ఆ వరండాలో కూర్చున్న ప్రతి మనిషికీ అది తెలుసు. ఆ మాటను మాటగానే పట్టుకుని తిరిగి వచ్చినవాళ్లను అతను చూడటం ఇదే మొదలు.

సంగతి అతనికి కొంత తెలుసు. ఇప్పలగడ్డ గుట్టను రాళ్ల కోసం తొలచడానికి ఒక కంపెనీ వచ్చింది. గుట్ట చుట్టూ రెండు వందల ఎకరాల అడవి కొట్టాలి. తొలిచిన మట్టి, రాళ్లపొడి పక్కనున్న వాగులో పోయాలి. పోయిన ఎండాకాలంలో కంపెనీ మనుషులు వచ్చి కొలతలు తీసుకుని, అది వాగు కాదు, ఎండిన నాలా అని, అందులో చేపల్లేవని రాసుకుపోయారు. రేపు పదింటికి కలెక్టరేటులో మీటింగు. అభ్యంతరం లేదని ఎమ్మెల్యే ఉత్తరం ఇస్తే అడ్డం ఉండదు.

"ఎండకాలమొచ్చి నీళ్లు లేవని రాసుకపోయిండ్రు," అన్నాడు టీక్యా. "ఎండకాలం మా బాయిల కూడ నీళ్లుండయి. అట్లని మేం లేమా?"

భూదేవి గోనెపట్టా తీసింది. బకెట్‌లో నల్లటి బురదగడ్డ. పైన పెళుసుగా ఎండి, కిందికి పోయినకొద్దీ తడిగా ఉంది. యోసేపు ఇచ్చిన జగ్గులోని నీళ్లు ఆమె మెల్లగా పోసింది. గడ్డ అంచులు కరిగాయి. కాసేపు ఏమీ లేదు. తర్వాత బురద కదిలింది. నల్లగా, నున్నగా, మూతికి నాలుగు వైపులా మీసాలున్న చేప ఒకటి పైకి వచ్చి, గుటుక్కున గాలి మింగి, మళ్లీ కిందికి పోయింది.

"మార్పు," అన్నాడు యోసేపు. ఆ చేప పేరు తనకు తెలియకుండానే నోటికొచ్చింది.

"అవ్. మడుగు ఎండినంక రెండు మూరల లోతు తవ్వితే దొరికింది. ఇంకా ఉన్నయ్. వాన పడితే అయ్యే లేస్తయి, ఎదురెక్కుతయి."

పీఏ ప్రదీప్ లోపలి నుంచి ఫోను చెవిన పెట్టుకునే వచ్చి బకెట్‌లోకి తొంగిచూశాడు. ముప్పై ఏళ్లవాడు, ఇస్త్రీ నలగని చొక్కా.

"ఏందన్నా యోసేపన్నా, ఆఫీసుల చేపల మార్కెట్ పెట్టినవా?"

"మార్పు తెస్తమని ఓట్లప్పుడు మీరన్నరు," అంది భూదేవి. "మీరు తేకపోతిరి. మేమే తెచ్చినం."

వరండా అంతా నవ్వింది. ప్రదీప్ కూడా ఆపుకోలేకపోయాడు. నవ్వుతూనే లోపలికి వెళ్లిపోయాడు.

టీక్యా దరఖాస్తు రెండు కాపీలు టేబులు మీద పెట్టాడు. యోసేపు చెయ్యి అలవాటుగా ముద్ర మీదికి పోయింది. ముద్రను సిరాలో అద్దాడు.

"ఏమని ఉందన్నా దాని మీద?" అడిగింది భూదేవి.

టీక్యా వంగి, తలకిందులుగా ఉన్న అక్షరాలను కూడబలుక్కుని చదివాడు. "చూ-డ-డ-మై-న-ది."

"ఎవలు చూసిండ్రు?"

ఎకసెక్కంగా అడగలేదు. తెలియకే అడిగింది. యోసేపు చెయ్యి గాలిలో ఆగింది. సిరా బొట్టు ఒకటి టేబులు మీద పడింది.

"ఇంకా చూడలే గద," అందామె.

ముద్రను పెట్టెలో పెట్టేశాడు. కాగితాలు రెండూ ముద్ర లేకుండా టేబులు మీదే ఉండిపోయాయి.

సారు కాళేశ్వరం వెళ్లాడు. పదకొండింటికల్లా వస్తాడన్నారు. పన్నెండింటికి ఫోనొచ్చింది, దారిలో ఒక పెండ్లి ఉందని. ఇప్పలగడ్డ వైపు వెళ్లే బస్సు రెండింటికి. అది పోతే మళ్లీ పొద్దున్నే. వచ్చినవాళ్లలో ఇద్దరికి ఇంటిదగ్గర పసిపిల్లలున్నారు. ఒంటిగంటన్నరకు అందరూ లేచారు.

"అన్నా, నీ చేతుల పెట్టి పోతున్న," అంది భూదేవి. "నీడకు పెట్టు. నీళ్లు ఎక్కువ పొయ్యకు, ఎగిరి బయటపడ్తది. చెయ్యి మాత్రం పెట్టకు, ముల్లు గుచ్చితే నిప్పు పెట్టినట్టుంటది. పొద్దున ఫస్టు బస్సుకొచ్చి బకెట్, మా కాగితం తీస్కపోత."

"సరే. చెప్త."

"చెప్పుడు కాదన్నా. చూపియ్యి."

వాళ్లు వెళ్లాక వరండా ఖాళీ అయింది. యోసేపు టిఫిను డబ్బా విప్పాడు. అన్నం, పచ్చిపులుసు. నాలుగు ముద్దలు తిన్నాడు. ఎడమ భుజంలో ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు ఉంది. పొద్దున కుర్చీలు మోసినందుకేమో అనుకున్నాడు.

అతనిది స్టేషన్ ఘన్‌పూర్ పక్కన పల్లె. తొలివాన పడ్డ రోజు వాళ్లమ్మ చీరకుచ్చెళ్లు దోపుకుని కాలువ దగ్గరికి పరుగెత్తేది. కొత్తనీటికి ఎదురెక్కే చేపలు గడ్డిలోంచి, బాటమీంచి కూడా పాకుతూ పోయేవి. పట్టిన మొదటిదాన్ని ఆమె మళ్లీ నీళ్లలోకే విసిరేది. ‘గిది గుడ్లు పెట్టనీకి పోతది’ అనేది. ఆ తర్వాతవే గంపలోకి. ఇప్పుడు ఆ చెరువులో లారీల్లో తెచ్చి వదిలిన చేపపిల్లలే పెరుగుతున్నాయి. కొత్తగూడ వైపు బీడీల తునికాకు ఆరబెట్టే కల్లాల్లో పనిచేసిన నాలుగు వేసవులూ అతను అడవివాగుల మడుగుల్లో స్నానం చేశాడు. కాళ్లను కొరికే చిన్నచేపల పేర్లన్నీ అప్పుడు తెలుసు. చాలామటుకు మరిచిపోయాడు. మార్పు మాత్రం గుర్తుంది.

మూడింటికి లేచి బకెట్ పట్టుకున్నాడు. వరండా నుంచి సారు గదికి పన్నెండు అడుగులు. మధ్యలో రెండుసార్లు దించి ఊపిరి తీసుకున్నాడు. సారు కుర్చీ పక్కన, నేలచాప మీద కాకుండా బండల మీద పెట్టాడు. టేబులు మీద సంతకానికి ఉత్తరం సిద్ధంగా ఉంది. మెల్లగా చదివాడు. ‘సదరు నాలా సంవత్సరంలో అధికభాగం ఎండి ఉండును. అందు మత్స్యసంపద లేదు. నాకు అభ్యంతరము లేదు.’

ముద్ర లేని దరఖాస్తును తెచ్చి దాని పక్కన పెట్టాడు.

"యోసేపన్నా, గది ఈడెందుకు?" ప్రదీప్ గుమ్మంలో నిలబడ్డాడు. "సారుకు వాసన పడది."

"ఉండనియ్ బాబూ. చూసినంక తీస్త."

"తిట్లు పడితే నాకు తెల్వదు మల్ల."

నాలుగున్నరకు బండ్లు వచ్చాయి. సారు నుదుట కుంకుమ, భుజాన పెండ్లివాళ్లు కప్పిన శాలువా. ఫోనులో మాట్లాడుతూనే వచ్చి కూర్చుని, పెన్ను మూత తీశాడు. ప్రదీప్ ఉత్తరం ముందుకు జరిపాడు. ఇలాంటప్పుడు యోసేపు ఎప్పుడూ తలుపు బయటే ఉంటాడు. ఇరవై రెండేళ్లలో ఏ సారుతోనూ ‘వచ్చిండ్రు సార్’, ‘పోయిండ్రు సార్’ అనే మాటలు తప్ప ఆడి ఎరగడు.

గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"సార్, జర చూడుండ్రి."

సారు తలెత్తాడు. అతని గొంతు ఎలా ఉంటుందో అప్పుడే తెలిసినట్టు చూశాడు. యోసేపు బకెట్ వైపు వేలు చూపించాడు. నీళ్లు మురికిగా, నిశ్చలంగా ఉన్నాయి. గోడ గడియారం చప్పుడు వినిపించింది. ప్రదీప్ ఏదో అనబోయాడు. అంతలో నీళ్లు చీలాయి. మీసాల మూతి పైకి వచ్చి గుటుక్కుమంది.

"మార్పు గద?" అన్నాడు సారు.

"అవ్ సార్."

"గీ ఎండల యాడిది?"

"ఇప్పలగడ్డల, బురద కింద సార్. నాలా కాదు సార్. వాగు."

సారు ఒక వేలు నీళ్ల దాకా తీసుకుపోయి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "చిన్నప్పుడు గుచ్చింది నాకు. మూడు దినాలు జెరం." దరఖాస్తు తీసి మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ తిప్పాడు. దాన్నిండా వేలిముద్రలే. వాటిని కూడా చదువుతున్నట్టు చూశాడు. తర్వాత పెన్నుకు మూత పెట్టాడు.

"ప్రదీప్, ఉత్తరం ఉండనియ్. రేపు మీటింగుకు నేనే పోత."

"సార్, కంపెనీవాళ్లు ఐదింటికల్లా పంపమన్నరు..."

"ఉండనియ్యన్న గద."

మళ్లీ ఫోను మోగింది. మాట్లాడుతూనే లేచి వెళ్లిపోయాడు. బండ్లు కదిలాయి. గేటు దగ్గర లేచిన దుమ్ము వరండా మెట్ల మీద సర్దుకుంది.

యోసేపు ముద్ర తెచ్చాడు. సిరాలో అద్ది, టేబులు మీది దరఖాస్తు మీద నిటారుగా, ఎక్కడా వంకర పోకుండా వేశాడు. భూదేవి వాళ్ల కాపీ మీద కూడా వేశాడు. ఆ కాపీని మడిచి, ఫైళ్లకు కట్టే దారంతో బకెట్ పిడికి కట్టాడు. పొద్దున వచ్చి అడగాల్సిన పని లేకుండా. గది తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాడు.

భుజంలోని నొప్పి చెయ్యంతా పాకింది. తన పీట దాకా పోవడం దూరమనిపించి, దగ్గరగా ఉన్న మూల కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, ఆ కుర్చీలో ఎవరూ వాలని విధంగా వెనక్కి వాలాడు. గోడ ఆసరా ఉంది కాబట్టి కుర్చీ మోసింది.

ఆరింటికి ప్రదీప్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చాడు. "అన్నా, తాళమేసుకో, నేను పోతున్న." జవాబు రాలేదు. "పండుకున్నవా ఏంది?" అని దగ్గరికి వచ్చాడు. తాళంచెవుల గుత్తి యోసేపు నీలివేళ్ల మధ్య ఉంది. ప్రదీప్ రెండుసార్లు పిలిచి, ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి లేదని తెలిసి, అతని కూతురికి ఫోను చేశాడు.

వనజ రాత్రికే జనగామ నుంచి వచ్చి తండ్రిని తీసుకుపోయింది. ఆమె చేతికి గోలీల చీటీ, టిఫిను డబ్బా ఇచ్చారు.

పొద్దున తొమ్మిదింటికి సారు వచ్చాడు. మూలనున్న కుర్చీ వైపు ఒకసారి చూసి, గదిలో రెండు నిమిషాలు నిలబడి, ముద్ర ఉన్న దరఖాస్తు చేతిలో పట్టుకుని మీటింగుకు వెళ్లాడు. సంతకం లేని ఉత్తరం టేబులు మీదే ఉంది. ఇప్పలగడ్డ బస్సు ఇంకా రాలేదు. యోసేపు బదులు ఆ పూటకు పిలిచిన మనిషి వరండాలో కుర్చీలు తుడుస్తూ, చిట్లినదాన్ని తెలియక మొదటి వరుసలో వేశాడు.

గదిలో బకెట్ పిడికి మడత కాగితం వేలాడుతోంది. దాని ఒక అంచున నీళ్లు చింది నీలిసిరా కొద్దిగా పాకినా ‘చూడడమైనది’ అన్న అక్షరాలు చెదరలేదు. దాని కింద నీళ్లు ఒక్కసారి కదిలి, గుటుక్కుమని, మళ్లీ సర్దుకున్నాయి.