ఒక్కపొద్దు

చింతపండు పిసికి పిప్పి తీసేసి, రసం పులుసు గిన్నెలో వంచి, జులేఖా బీ చెయ్యి కడుక్కుంది. ఉప్పు సరిపోయిందో లేదో నాలుకమీద వేసుకుని చూడటానికి లేదు. రంజాను నెల. కూరగాయలు తరిగే ఆమెకు గరిటె అందించింది. ఆమె చప్పరించి చాలంది. పులుసు దిగింది.

కడప ఊరిచివర ఆ అకాడమీలో బరువులెత్తే ఆడపిల్లలకు జులేఖా బీ వంటమనిషి. భర్త ఇమామ్ బండల పాలిష్ ఫ్యాక్టరీలో రాతిదుమ్ము పీల్చి పీల్చి చనిపోయాడు. పిల్లల్లేరు. అప్పటినుంచి వంటగది పక్కనున్న సామాను గదే ఇల్లు. వాచిన మోకాళ్లు, చేతులమీద నూనె చిట్లిన మచ్చలు, ఒంట్లో షుగరు. ఆమె గురించి చెప్పుకోవడానికి ఎవరికీ ఏమీ ఉండదు. పిల్లలు వస్తారు, తింటారు, కంచాలు తొట్లో పడేసి పోతారు.

ఈ రంజానుకు మాత్రం ఆమెకు ఒక తోడు దొరికింది. భువన. తుమ్మలపల్లె దగ్గరి పిల్ల, పదహారు నిండలేదు. పోయిన వారం మధ్యాహ్నం అన్నం పెట్టబోతే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్కపొద్దు ఉండా అవ్వా" అంది.

నందికొట్కూరు పక్క జులేఖా బీ పుట్టిన ఊళ్లో రోజా అనే మాట మసీదులో వినబడుతుంది. ఇళ్లలో అనేది ఒక్కపొద్దే. దర్గాకు మొక్కుకున్న హిందువుల పిల్లలు రోజాలుండటం ఆమెకు వింత కాదు. ఇంకేమీ అడగలేదు. పిల్ల నెత్తిన చెయ్యి పెట్టింది. తెల్లవారకముందే లేపి అన్నం పెడతానంటే, గదిలో బిస్కెట్లు తింటానంది భువన. నమ్మింది. మా పాప నాతో పాటు ఒక్కపొద్దు ఉందని పాలవాడిక్కూడా చెప్పుకుంది. రోజూ సాయంత్రం భువన మెస్సులో కోచ్ ఎదురుగా కూర్చుని గుడ్డు తెల్లసొన తినే వేళకు, జులేఖా బీ సామాను గదిలో నమాజులో ఉండేది.

పులుసు దించేసరికి ఎండ ముదిరింది. కిటికీలోంచి చూస్తే భువన గ్రౌండు చుట్టూ పరుగెత్తుతోంది. ఒంటిమీద స్వెట్టరు, దానిమీద ప్లాస్టిక్ రెయిన్‌కోటు. కడపలో, మార్చి ఎండలో. కోచ్ సుధీర్ నీడన కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. కాసేపటికి పిల్ల వంటగది వెనక గోడవారన కూలబడి, ఒక మగ్గు ముందు పెట్టుకుని ఉమ్మటం మొదలుపెట్టింది. ఉమ్మి రావటం లేదు. గొంతు గీరుకుంటోంది.

జులేఖా బీకి నవ్వొచ్చింది. చిన్నప్పుడు తానూ ఇంతే. ఉమ్మి మింగితే రోజా పోతుందని దినమంతా ఉమ్ముతూ తిరిగేది.

"మింగు పాపా, ఏం కాదు. ఉమ్మికి ఒక్కపొద్దు పోదు."

భువన అర్థంకానట్టు చూసింది. పెదాలు చిట్లి ఉన్నాయి. "పోవాల అవ్వా. ఒంట్లో ఉండేదంతా పోవాల" అంది.

జులేఖా బీ దాన్ని భక్తి అనుకుంది.

ఆరోజు సాయంత్రం ప్రాక్టీసు లేదు. కలిసి ఒక్కపొద్దు విడుద్దామని ఆమె వంటగది మెట్టు మీద ఖర్జూరాలు, నీళ్లు పెట్టుకుని పిల్లను పిలిచింది. మసీదులో అజాన్ మొదలైంది. గ్లాసు అందించింది. భువన అందుకోలేదు.

"రేపు తూకమైనంక తాగుతా."

"ఏం తూకం?"

అప్పుడు చెప్పింది పిల్ల. తన బరువుకు తగిన విభాగంలో పోటీ ఎక్కువ. కింది విభాగంలోకి దిగితే పతకం ఖాయమని సార్ లెక్క. అందుకే ఆ రెయిన్‌కోటు పరుగు, ఆ ఉమ్మటం; ఒంట్లో నీళ్లు పోతే బరువు దిగుతుంది. నిన్నటినుంచి గొంతులో చుక్క పడలేదు. నాన్న ఓబుళేశు రోజూ ఫోన్ చేసి అడిగేది తిన్నావా అని కాదు, ఎంత తూగినావని. గెలవకముందే ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. తిండి తగ్గించినప్పటినుంచి, రెండు నెలలుగా నెలసరి లేదు. ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"మరి ఒక్కపొద్దు అంటివే?"

"ఒక్కపూటే తింటాండా కదవ్వా. అందుకే అంటి."

పిల్ల అబద్ధమాడలేదు. శనివారం ఉపవాసానికి వాళ్లమ్మ అనే మాటే అంది. తానే ఆ పస్తును పుణ్యం చేసి, వారంగా పిల్ల వంతు బియ్యం డబ్బాలోనే ఉంచేసింది. సుధీర్ కడుపు మాడ్చమంటే, ఆ పని చక్కగా చేసిపెట్టింది జులేఖా బీ.

లేచి గ్రౌండులోకి పోయింది. పిల్లకు నీళ్లిస్తానని సుధీర్‌తో చెప్పింది.

"నేనూ ఇట్ల ఎండినోన్నే జులేఖమ్మా. సచ్చిపోయినానా?"

"మీకప్పుడు నీళ్లిచ్చేటోళ్లు ల్యాకపాయ సార్. అంతే."

నీళ్లిస్తే రేపటినుంచి పనికి రానక్కర్లేదన్నాడు. కోపంగా కాదు, రూలు చదివినట్టు చెప్పాడు.

తిరిగొచ్చి మెట్టు మీద కూర్చుంది. గ్లాసు ఇద్దరి మధ్యా పెట్టింది.

"నువ్వు తాగినంకే నేను తాగేది."

"నీకు షుగరుండాది కదవ్వా."

"ఉండాది."

"పడిపోతావు."

"నువ్వు పడిపోవా?"

భువన మోకాళ్లలో తల పెట్టుకుంది. అజాన్ ఎప్పుడో అయిపోయింది. అయ్యాక కూడా నోరు కట్టుకోవటం తప్పని జులేఖా బీకి తెలుసు. కూర్చునే ఉంది. కాసేపటికి ఆమె వేళ్లు వణికాయి. నుదుటిమీద చెమట పట్టింది. నటన కాదు. పిల్ల తలెత్తి చూసి, గబుక్కున గ్లాసు తీసుకుంది. మొదటి గుక్క నోట్లోనే ఉంచుకుని ఎక్కడ ఉమ్ముదామా అని గోడవైపు చూసింది. మింగింది. తర్వాత ఆగలేదు.

"ఇంకో గ్లాసు పోస్తావా?"

పోసి, తానూ తాగింది. చెరొక ఖర్జూరం తిన్నారు. పులుసన్నం కలిపి పెడితే, పిల్ల ఏడుస్తూనే తినింది.

పొద్దున తూకంలో ముల్లు కింది విభాగం గీత దాటి పైకి చూపించింది. పోటీలకు వ్యాను భువన లేకుండా పోయింది. పోయేముందు సుధీర్ సామాను గది తాళంచెవి అడిగి తీసుకున్నాడు. జులేఖా బీ తన గుడ్డలు మూట కట్టుకుంది. పిల్ల ఫోన్‌లోనే ఓబుళేశుతో మాట్లాడింది. ఆయన ముందు అడిగింది తూకమే.

"తూకం పోయిందప్పా. బిడ్డ ఉండాది. వచ్చి డాక్టరు కాడికి పిల్చకపో."

సాయంత్రం ఓబుళేశు వచ్చేదాకా పిల్ల పక్కనే కూర్చుంది. ఆయన ఆమెతో మాట్లాడలేదు, బిడ్డ సంచి మాత్రం తానే మోశాడు. వాళ్ల బస్సు కదిలాక, జులేఖా బీ నందికొట్కూరు దారి పట్టింది.

వంటగది మెట్టు మీద పళ్లెం తీసేవాళ్లు లేరు. అందులో రెండు ఖర్జూరం గింజలు. ఒకటి నున్నగా చప్పరించినది, రెండోదానికి గుజ్జు ఇంకా అంటుకునే ఉంది, చీమలు పట్టి.