గుమాస్తా చదవని వాక్యం

కాలవ గట్టున బట్టలకు రంగులద్దే ఆమెను అందరూ నీలిచేతుల పిన్ని అనేవారు. భర్త పోయిన ఆరేళ్లకు, నలభయ్యో ఏట, ఆమె వడ్రంగిని పెళ్లాడాలనుకుంది. ప్రార్థనామందిరంలో బోధకుడు ఒక మెలిక పెట్టాడు.

"దేవుడి మాట సొంతంగా చదవగలిగినవాళ్లకే ఇకమీదట పెళ్లి చేస్తాను. ఆడైనా మగైనా."

పిన్నికి ఒళ్లు మండింది. "ఇన్నాళ్లూ మీరు చదివితే మేం వినలేదా? ఇప్పుడు మా చదువుతో మీకేం పని పడిందండీ?"

"నన్ను నమ్మే అవసరం లేకుండా మీరే చూసుకుంటారని."

నన్ను నమ్మొద్దని చెప్పే మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. అనుమానం రెట్టింపయింది.

"ఇందులో ఏదో కిటుకుంది. చదువొచ్చాక ఏ కాగితం మీదో సంతకం పెట్టించుకుంటారు, చూస్తూ ఉండు," అంది వడ్రంగితో. కాస్తో కూస్తో చదువొచ్చిన ఆయన నవ్వి, చెక్కముక్కల మీద అక్షరాలు చెక్కి ఇచ్చాడు. రంగు కాగుల పక్కన కూర్చుని వాటిని తడుముతూ నేర్చుకుంది. ఏడు నెలలు పట్టింది. పరీక్ష రోజున తడబడుతూనే ఒక పుట చదివేసింది.

పెళ్లయిన వారానికి పురపాలక కార్యాలయం తలుపుకు నోటీసు అంటించారు. గుమాస్తా ఎప్పటిలాగే మెట్ల మీద నిలబడి చదివి వినిపించాడు. గట్టున ఉన్న రంగుల పాకలన్నీ నెలాఖరులోగా ఖాళీ చేయాలి. జనం గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

పిన్ని కదల్లేదు. ఆయన చదివినదానికంటే కాగితం పొడుగ్గా ఉన్నట్టనిపించింది. వేలు పెట్టి కూడబలుక్కుంది. అడుగున ఇంకో వాక్యం ఉంది: అభ్యంతరాలుంటే పది రోజుల్లో రాసి ఇవ్వవచ్చు.

"ఏమయ్యా, దీన్ని మింగేశావేం?"

గుమాస్తా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఎప్పుడూ అంతేనమ్మా. రాసేవాళ్లే లేనప్పుడు అది చదవడం ఎందుకని పైవాళ్లు వద్దన్నారు."

"ఎప్పుడూనా?"

ఇలాంటి నోటీసులతోనే నిరుడు పూడ్చేసిన బావి, అంతకుముందు మూసేసిన దారి ఆమెకు గుర్తొచ్చాయి. మెట్టు మీదే కూలబడింది.

మర్నాడు పద్నాలుగు పాకలవాళ్ల తరఫున ఆమే అర్జీ రాసింది. బోధకుడు తప్పులు దిద్దబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు ముట్టుకోకండి. నేను రాసిందే వెళ్లాలి."

పదకొండు పాకలు నిలిచాయి. వాటిలో ఆమెదొకటి. నీళ్లకు మరీ దగ్గరగా ఉన్న మూడింటిని పీకేశారు. ఆ మూడిళ్లవాళ్లూ ఆమె మొహం చూడటం మానేశారు. "మా పేర్లు రాయకుండా వదిలేసిందట," అని చెప్పుకున్నారు. ఆమె అర్జీ నకలు తీసుకుని వాళ్ల గుమ్మాల దగ్గరికే వెళ్లింది. "ఇదిగో, పద్నాలుగు పేర్లూ ఉన్నాయి."

"ఏమో, అందులో ఏముందో మాకేం తెలుసు?"

పిన్ని నకలు మడిచి కొంగున కట్టుకుంది. "అయితే రేపు పొద్దున మా పాకకు రండి. నేర్పుతాను."

మర్నాడు ఆ మూడిళ్లలోంచి ఒకామె వచ్చింది, మూతి ముడుచుకునే.