ముప్ఫై రెండో మోటారు

పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు మేస్త్రి భార్య మొగుడి గుండెల మీద చెవి పెట్టి వినేది. "పాలవాడు బయల్దేరాడు. ఇసుక పడవ ఇంకా లేవలేదు. వలల అన్నదమ్ముల మోటారు ముక్కుతోంది, ప్లగ్గు చూసుకోమని చెప్పు" అనేది. మేస్త్రి ఆవులిస్తూ ఊఁ కొట్టేవాడు.

ఆయన సిలిండరు బాగుచేసిన ప్రతి పడవ మోటారూ ఆయన ఛాతీలో కొట్టుకునేది. ఆగి ఉన్నవి నిద్రపోతున్నట్టు మెల్లగా, నడుస్తున్నవి గట్టిగా. అలా ముప్ఫై ఒకటి ఉన్నాయి. ఒకసారి జ్వరమొస్తే డాక్టరు గొట్టం పెట్టి చాలాసేపు విని, "మీ గుండె బాగానే ఉంది, మిగతావాటిలో రెండింటికి ఆయిల్ మార్చాలి" అన్నాడు. ఆ రెండూ ఎవరివో మేస్త్రికి ముందే తెలుసు.

ఆయన పని చూసి తీరాల్సిందే. సిలిండర్లో వేలు పెట్టి కళ్లు మూసుకునేవాడు. వెంట్రుకవాసి గీత ఉన్నా ఆ వేలు పట్టేసేది. అరిగిన లోపలి గోడని బోరు పట్టించి, తొడుగులా కొత్త స్లీవు దించి, కొత్త పిస్టనూ రింగులూ వేసి, మోటారుని నీళ్ల డ్రమ్ముకి తగిలించి పూటంతా నెమ్మదిగా తిప్పేవాడు. ఆపైన పది గంటలు జోరు పెంచనని పడవవాళ్ల చేత ఒట్టు వేయించుకునేవాడు. ఒట్టు తప్పినవాళ్ల మోటారు మళ్లీ ముట్టుకోడు, కాళ్లావేళ్లా పడ్డా సరే. అలాంటి పనివాడు ఆ ఏటి పొడవునా ఇంకొకడు లేడు. లేడంటే లేడు.

ముప్ఫై రెండోది తెడ్డక్కది. ఆవిడ జనాన్ని ఏరు దాటిస్తుంది. క్రితంసారి పడవల తనిఖీ రోజున ఏటి మధ్యలో మోటారు బిగుసుకుని పట్టేస్తే, ఇన్‌స్పెక్టర్నీ పన్నెండుమంది ప్రయాణికుల్నీ ఒక్క తెడ్డుతో ఒడ్డుకి చేర్చింది. ఆ పేరు అప్పుడొచ్చిందే, మెచ్చుకోలు సగం, వెక్కిరింత సగం. ఇన్‌స్పెక్టరు నెల గడువిచ్చాడు. ఈసారీ ఆగిందంటే రేవు పెద్ద లాంచీలవాళ్ల చేతికి పోతుంది. మొగుడు పోయాక ఆవిడకీ అత్తగారికీ ఉన్న ఆధారం ఆ రేవొక్కటే.

"ఒకసారి పట్టేసిన ఇంజన్ని నమ్ముకుని ఏరు దిగుతావుటే? అతుకుల బొంత చలికి ఆగుతుందా?" అంది అత్తగారు.

ఆ మాట మనసులో పెట్టుకునే తెడ్డక్క మేస్త్రిని అడిగింది. "బాబాయ్, బాగుచేసింది కొత్తదానిలా నడుస్తుందా? గ్యారంటీ ఇస్తావా?"

"సిలిండరుకిస్తానమ్మాయ్. నడిపేవాళ్లకి ఎవరిస్తారు?"

తెడ్డక్క ఒట్టు నిలబెట్టుకుంది. పది గంటలూ ఎద్దుబండిలా నడిపింది. వెనకొచ్చిన పడవలన్నీ దాటిపోతూ ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. అంత నిగ్రహం ఉన్న మనిషి తనిఖీ ముందురోజు ఒక్క పిచ్చిపని చేసింది. ఇన్‌స్పెక్టరు కంటికి మోటారు కొత్తగా కనబడాలని రంగు వేసింది. ఇంజన్ని చల్లబరిచే నీళ్లు లాక్కునే జల్లెడ రంగుతో పూడిపోకుండా దానిమీద టేపు అంటించింది. రంగు ఆరింది, మెరిసింది, ఆ సంబరంలో టేపు సంగతి మర్చిపోయింది.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరు మోటారు పక్కనే కూర్చున్నాడు. ఆపకుండా రెండుసార్లు ఏరు దాటి రావాలి. పడవ కదిలింది.

షెడ్డులో మేస్త్రి రెంచి కింద పెట్టి, "దాహం" అన్నాడు. భార్య చెంబుడు నీళ్లిచ్చింది. గటగటా తాగి ఇంకో చెంబు అడిగాడు. ఆవిడ చెవి పెట్టి విని, వెంటనే తీసేసింది. చెవి చురుక్కుమంది. "తెడ్డక్కది కాలిపోతోంది" అని బిందె ఎత్తి ఆయన నోటికి పట్టింది. ఆ బిందె అయిపోయింది. పక్కింటావిడ తన బిందె తెచ్చి, "ఎవరిదీ?" అంది. "తెడ్డక్కది." "అయ్యో పాపం" అని ఇంకోటి తేవడానికి పరిగెత్తింది. ఇంతకుముందు ఒక మోటారు పట్టేసినప్పుడు మేస్త్రి ఎడమచెయ్యి నెల్లాళ్లు పైకి లేవలేదు. అది తెలిసే వీధివీధంతా బిందెలతో వచ్చింది. ఆయన తాగుతూనే ఉన్నాడు, కడుపు మాత్రం ఉబ్బలేదు.

ఏట్లో ఇన్‌స్పెక్టరు, ఇంజన్ని చల్లబరిచి మోటారు పక్కనుంచి చిమ్ముతున్న నీటిధారలో వేలు పెట్టి చూశాడు. "గోరువెచ్చగా ఉంది. అలాగే ఉండాలి" అన్నాడు. నలభై నిమిషాలు ఆ ధార ఆగలేదు. మోటారు ఒక్కసారి కూడా తడబడలేదు. ఇన్‌స్పెక్టరు అక్కడే, తడి వేలితోనే సంతకం పెట్టాడు.

ఆయన వెళ్లాక తెడ్డక్క మోటారు పైకెత్తింది. జల్లెడ మీద టేపు వేసింది వేసినట్టే ఉంది. నీళ్లందని ఇంజను అయిదు నిమిషాలు తిరగడమే గొప్ప.

టేపు పీకి గుప్పిట్లో పట్టుకుని షెడ్డుకి వెళ్లింది. జనం ఖాళీ బిందెలతో వెనక్కి పోతున్నారు. మేస్త్రి బల్ల మీద పడుకుని ఉన్నాడు, మీసాల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"బాబాయ్, టేపు తియ్యడం మర్చిపోయాను."

"రెండో చెంబుకే తెలిసింది." గొంతు బొంగురుపోయింది. "పది గంటలూ ఓపిగ్గా నడిపావు గనక నిలబడిందే. లేకపోతే ఏరంతా తాగినా దక్కేది కాదు."

తెడ్డక్క ఏడ్చింది. తన మోటారు కోసం ఒక మనిషి ఇంత అవస్థ పడతాడని ఆవిడ అనుకోలేదు. చెంబులో నాలుగు గుక్కలు మిగిలుంటే మేస్త్రి ఆవిడ చేతికిచ్చాడు. "తాగు. ఎండనపడి వచ్చావు."

ఆవిడ తాగింది. మేస్త్రి భార్య మొగుడి ఛాతీ తుడుస్తూ చెవి పెట్టి లెక్కపెట్టి, "ముప్ఫై ఒకటే ఉన్నాయి" అంది.

"ఉండాల్సినచోటే ఉంటుందిలే" అని మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న తెడ్డక్క రేవుకి బయల్దేరుతుంటే అత్తగారు భుజం పట్టి ఆపింది. కోడల్ని దగ్గరికి లాక్కుని గుండెల మీద చెవి పెట్టింది. చాలాసేపు వింది.

"ఇంత కుదురుగా కొట్టుకునే మోటార్నటే, నేను అతుకుల బొంత అన్నాను" అంది. లోపలికి వెళ్లి చెంబు నిండా నీళ్లు తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. "మొత్తం తాగి వెళ్లు. ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది."